ల్యాప్‌టాప్‌ను పెద్ద టీవీకీ హోమ్ థియేటర్‌కూ కలపడం: ఏ ఇంటికి ఏ దారి?

సంక్రాంతికి పిల్లలు ఇంటికి రాగానే గోదావరి జిల్లాల్లోని చాలా ఇళ్లలో ఒక ప్రయత్నం జరుగుతుంది. బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి గోడ మీది టీవీకి కలిపి, ఏడాదంతా మూలన ఉన్న హోమ్ థియేటర్‌లో సినిమా మోగించాలని చూస్తారు. బొమ్మ పది నిమిషాల్లో వచ్చేస్తుంది. శబ్దం మాత్రం టీవీలోంచే వస్తుంది, లేదా రెండు స్పీకర్లు మోగి తక్కినవి మౌనంగా ఉంటాయి, లేదా అన్నీ మోగుతున్నా ముందూ వెనకా ఒకే శబ్దం వినిపిస్తుంది. బొమ్మ విషయంలో పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా తక్కువ. తేడా అంతా శబ్దం ఏ దారిన స్పీకర్లకు చేరుతుందన్న దాంట్లోనే ఉంది. అందుకే ఏ తీగ కొనాలన్న నిర్ణయం శబ్దం వైపు నుంచి మొదలుపెట్టాలి.

అసలు ల్యాప్‌టాప్ కావాలా?

చూడదలచుకున్నవన్నీ ఓటీటీ సినిమాలే అయి, టీవీలోనే ఆ యాప్‌లు ఉండి, ఇంటికి మంచి నెట్ కనెక్షన్ ఉంటే ల్యాప్‌టాప్‌ను మధ్యలోకి తేవడం వల్ల ఒరిగేది తక్కువ. కాపీ రక్షణ నిబంధనల వల్ల కంప్యూటర్ బ్రౌజర్‌లో చిత్ర నాణ్యత తగ్గడం, 5.1 శబ్దం రెండు చానళ్లకు కుదించుకుపోవడం తరచూ జరిగేవే. అదే సినిమా టీవీ యాప్‌లో చాలాసార్లు మెరుగ్గా వస్తుంది. హార్డ్ డిస్కులో దాచుకున్న సినిమాలు, పెళ్లి వీడియోలు, ఆన్‌లైన్ క్లాసులు, కంప్యూటర్ ఆటలు, టీవీ యాప్‌లు తెరవలేని ఫైళ్లు ఉన్నవారికే ల్యాప్‌టాప్ నిజంగా అవసరం. ఈ సలహా వారి కోసం.

వేటిని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, ఎన్ని చానళ్ల శబ్దం స్పీకర్ల దాకా చేరుతుందన్నది. 5.1 అంటే ముందు ఎడమ, ముందు కుడి, మధ్య, వెనక ఎడమ, వెనక కుడి అనే అయిదు చానళ్లు, లోతైన గంభీర ధ్వనుల కోసం సబ్‌ఊఫర్‌కు వెళ్లే మరొకటి. ఈ ఆరింటినీ ల్యాప్‌టాప్ రెండు రూపాల్లో పంపగలదు. విప్పిన రూపంలో, అంటే పీసీఎంగా పంపితే సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు, ఆరు చానళ్లు కలిపి సెకనుకు సుమారు 46 లక్షల బిట్లు అవుతాయి. కుదించి డాల్బీ డిజిటల్‌గా పంపితే అవే ఆరు చానళ్లు అత్యధికంగా 6 లక్షల 40 వేల బిట్లలో ఇమిడిపోతాయి. కాలువ ఎంత నిండుగా పారినా చేలోకి వచ్చేది తూము పట్టినంతే కదా. శబ్దాన్ని వెలుతురు రూపంలో మోసే ఆప్టికల్ తీగా, మామూలు ఏఆర్‌సీ దారీ (బొమ్మనూ శబ్దాన్నీ కలిపి మోసే హెచ్‌డీఎంఐ తీగ మీదుగానే టీవీ నుంచి శబ్దాన్ని స్పీకర్లకు పంపే ఏర్పాటు) విప్పిన శబ్దమైతే రెండు చానళ్లనే పట్టగలవు, కుదించిన శబ్దమైతే ఆరింటినీ తీసుకుపోగలవు. "సినిమాకు ఆరూ మోగాయి, ఆటకు రెండే మోగుతున్నాయి" అనే ఫిర్యాదుకు చాలావరకు ఇదే కారణం: సినిమా ఫైలులోని శబ్దం కుదించి ఉంటుంది, ఆట శబ్దాన్ని అప్పటికప్పుడు విప్పిన రూపంలోనే తయారుచేస్తుంది.

రెండోది, మీ ఇంట్లో ఉన్న పరికరాల వెనక ఏ సాకెట్లు ఉన్నాయన్నది. దుకాణానికి వెళ్లేముందు ఫోన్ టార్చి వేసి టీవీ వెనకా, హోమ్ థియేటర్ వెనకా చూడండి. టీవీలో ఉన్న రెండు మూడు హెచ్‌డీఎంఐ సాకెట్లలో సాధారణంగా ఒక్కదాని పక్కనే ఏఆర్‌సీ లేదా దాని మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ అని రాసి ఉంటుంది. చిన్న తలుపు మూసినట్లు ఉండే చదరపు రంధ్రం ఆప్టికల్ సాకెట్టు. హోమ్ థియేటర్ వైపు హెచ్‌డీఎంఐ కనిపించగానే పని అయిపోయిందనుకోకూడదు, అది లోపలికా బయటికా అని చదవాలి. డీవీడీ ప్లేయర్‌తో కలిసివచ్చిన పాత హోమ్ థియేటర్లలో చాలావాటికి బయటికి వెళ్లే హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంటుంది. అది డీవీడీ బొమ్మను టీవీకి పంపడానికి పెట్టింది కాబట్టి దానికి ల్యాప్‌టాప్ కలిపినా ఏమీ రాదు.

మూడోది, పెదవుల కదలికకూ మాటకూ పొత్తు. నాలుగోది, తెర మీద అక్షరాల స్పష్టత. ఇది సినిమాలకు పట్టింపు లేదు కానీ పిల్లల క్లాసులకు చాలా పట్టింపు. ఇక అయిదోదాన్ని దుకాణాల్లో ఎవరూ అడగరు: మీరు ఊళ్లో లేనప్పుడు దీన్ని ఎవరు నడపాలి? మూడు రిమోట్లు పట్టుకుని వరుసగా నొక్కాల్సిన ఏర్పాటు ఎంత గొప్పగా మోగినా, ఇంట్లోని పెద్దవాళ్లకు పనికిరాదు.

పద్ధతులు పక్కపక్కన

| పద్ధతి | చేరే శబ్దం | అక్షరాలు | మాట, పెదవి పొత్తు | నడపడం |
|---|---|---|---|---|
| ల్యాప్‌టాప్ నుంచి రిసీవర్‌కు (స్పీకర్లను నడిపే పెట్టె), అక్కడి నుంచి టీవీకి | విప్పినదైనా కుదించినదైనా పూర్తి 5.1, అంతకు మించినవి కూడా | స్పష్టం | బాగుంటుంది, దిద్దుకోవచ్చు | రిసీవర్ ఆన్ చేయాలి |
| టీవీకి హెచ్‌డీఎంఐ, అక్కడి నుంచి ఏఆర్‌సీ | కుదించిన 5.1, విప్పినదైతే రెండే | స్పష్టం | బాగుంటుంది | అన్నిటికంటే తేలిక |
| టీవీకి హెచ్‌డీఎంఐ, ఈఏఆర్‌సీ | పూర్తి 5.1, 7.1, అట్మాస్ (పైనుంచి కూడా వినిపించే శబ్దం) | స్పష్టం | చాలా బాగుంటుంది | తేలిక |
| టీవీ నుంచి లేదా ఎక్స్‌ట్రాక్టర్ నుంచి ఆప్టికల్ | కుదించిన 5.1, కొన్ని టీవీల్లో రెండే | స్పష్టం | ఫరవాలేదు | రెండు రిమోట్లు |
| యూఎస్‌బీ సౌండ్ కార్డు నుంచి ఆరు పిన్నులు | పూర్తి 5.1 | స్పష్టం | దిద్దుకోవాలి | తెలిసినవారే నడపాలి |
| వైఫై ద్వారా బొమ్మ, బ్లూటూత్ ద్వారా శబ్దం | రెండు చానళ్లు | మసక | తేడా వస్తుంది | తేలిక, నమ్మకం తక్కువ |

రిసీవర్ మధ్యలో ఉన్నప్పుడు

హెచ్‌డీఎంఐ లోపలికి తీసుకునే ఏవీ రిసీవర్ గానీ, అటువంటి సాకెట్టున్న సౌండ్‌బార్ గానీ ఉంటే వేరే ఆలోచన పెట్టుకోనక్కరలేదు. ల్యాప్‌టాప్ తీగ రిసీవర్‌కు, రిసీవర్ నుంచి మరో తీగ టీవీకి. శబ్దం మొదటి మజిలీలోనే దిగిపోతుంది, బొమ్మ ముందుకు సాగిపోతుంది. టీవీ ఎంత పాతదైనా, దానికి ఏఆర్‌సీ లేకపోయినా శబ్దానికి లోటు రాదు. ఆటలు ఆడేవారికి ఈఏఆర్‌సీ లేని ఇంట్లో ఇదే సరైన దారి.

దీనిలోని చిక్కు పాత రిసీవర్ల వయసుతో వస్తుంది. 2013లో హెచ్‌డీఎంఐ 2.0 వచ్చే ముందు తయారైన రిసీవర్లు 4కే చిత్రాన్ని సెకనుకు 30 సార్లు మించి పంపలేవు. సినిమాకు అది తెలియదు గానీ మౌస్ కదిపితే బాణం గుర్తు తడబడుతూ వస్తుంది. అటువంటి రిసీవర్ ఉన్నవారికి నేను చెప్పేది, ల్యాప్‌టాప్‌లో రిజల్యూషన్‌ను 1920×1080కి తగ్గించి సెకనుకు 60 సార్లు పెట్టుకోమని. మిగతా పెంపుదల టీవీయే చేసుకుంటుంది, ఎనిమిది పది అడుగుల దూరం నుంచి 43 అంగుళాల తెర మీద ఆ తేడా పట్టుకోవడం కష్టం. రిసీవర్‌ను కొత్తది కొనడం కంటే ఇది ఎంతో నయం.

రిసీవర్ ఆపేస్తే కొన్ని మోడళ్లలో బొమ్మ కూడా ఆగిపోతుంది. పగలు పిల్లల క్లాసు కోసం పెద్ద యాంప్లిఫయర్ నడపడం ఎందుకనుకునేవారు కొనేముందే స్టాండ్‌బైలో బొమ్మను దాటించే సదుపాయం ఉందో లేదో అడగాలి.

టీవీ మధ్యలో ఉన్నప్పుడు: ఏఆర్‌సీ, ఈఏఆర్‌సీ

ల్యాప్‌టాప్‌ను టీవీలోని మామూలు హెచ్‌డీఎంఐ సాకెట్టుకు, హోమ్ థియేటర్‌ను ఏఆర్‌సీ అని రాసి ఉన్న సాకెట్టుకు కలుపుతారు. సెట్‌టాప్ బాక్సు, పెన్‌డ్రైవ్, టీవీ యాప్‌లు, ల్యాప్‌టాప్ అన్నిటి శబ్దమూ ఒకే తీగ మీద స్పీకర్లకు వెళ్తుంది. టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ తగ్గుతుంది, పెరుగుతుంది. ఇంట్లో అందరూ వాడే టీవీకి ఇంతకంటే సుఖమైన ఏర్పాటు లేదు. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4తో ఏఆర్‌సీ మొదలైంది కాబట్టి ఆ తర్వాతి టీవీల్లో చాలావాటికి ఉంటుంది.

అయితే ఏఆర్‌సీ తానంతట తాను పనిచేయదు. టీవీ సెట్టింగుల్లో సీఈసీని, అంటే హెచ్‌డీఎంఐతో కలిసిన పరికరాలు ఒకదాన్నొకటి నడిపే సదుపాయాన్ని ఆన్ చేయాలి. దాన్ని శాంసంగ్ ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీ సింప్‌లింక్ అనీ, సోనీ బ్రావియా సింక్ అనీ పిలుస్తాయి. ఆపైన శబ్దం సెట్టింగులో డిజిటల్ అవుట్‌పుట్‌ను పీసీఎం నుంచి ఆటో లేదా పాస్‌త్రూకు (వచ్చిన శబ్దాన్ని ఉన్నదున్నట్లు దాటించడం) మార్చాలి. ఈ రెండో మార్పు చేయకపోతే ఆరు స్పీకర్ల సెట్టుకు రెండు చానళ్ల శబ్దమే చేరుతుంది, ఎన్నేళ్లు వాడినా తేడా తెలియదు.

ఇంకో అడ్డంకి ల్యాప్‌టాప్ వైపు నుంచి వస్తుంది. తీగ పెట్టగానే టీవీ తాను ఏమేమి తీసుకోగలదో ఒక చిన్న సమాచారం రూపంలో ల్యాప్‌టాప్‌కు చెబుతుంది. టీవీకి ఉన్నవి రెండు స్పీకర్లే కాబట్టి చాలా టీవీలు "నాకు రెండు చానళ్లు చాలు" అంటాయి. వెనక ఆరు స్పీకర్ల సెట్టు ఉన్న సంగతి ల్యాప్‌టాప్‌కు తెలియదు. సినిమా ప్లేయర్‌లో పాస్‌త్రూ ఆన్ చేసి కుదించిన శబ్దాన్ని ఉన్నదున్నట్లు పంపితే కొన్ని టీవీలు దాన్ని స్పీకర్లకు దాటిస్తాయి, కొన్ని దాటించవు. డాల్బీని దాటించి, అలాంటిదే మరో కుదింపు పద్ధతి అయిన డీటీఎస్‌ను ఆపేసే టీవీలూ ఉన్నాయి, కాబట్టి ఒక సినిమాకు మోగి మరో సినిమాకు మోగకపోతే తీగను అనుమానించవద్దు.

ఈఏఆర్‌సీ ఈ ఇరుకును తీసేసింది. 2017 నాటి హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈ దారి సెకనుకు 3 కోట్ల 70 లక్షల బిట్ల వరకూ శబ్దాన్ని మోయగలదు. పైన వేసిన లెక్క ప్రకారం విప్పిన 5.1కి కావలసింది అందులో ఎనిమిదో వంతు. టీవీకీ, శబ్ద పరికరానికీ రెండింటికీ ఈఏఆర్‌సీ ఉండాలి. ఒక్కదానికే ఉంటే పాత ఏఆర్‌సీ లాగే నడుస్తుంది. ఇప్పుడు రెండూ కొత్తగా కొనేవారు దీన్ని చూసుకునే కొనాలి.

ఆప్టికల్ తీగ

తోషిబా 1983లో తెచ్చిన ఈ పద్ధతిని పాతదని తీసిపారేయడానికి లేదు. దీనిలో శబ్దం వెలుతురు రూపంలో పోతుంది, లోహపు తీగ అసలు లేదు. కాబట్టి ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో వచ్చే గుయ్‌మనే రొద ఈ తీగ మీదుగా రాదు. మా ప్రాంతపు పాత ఇళ్లలో ఇదొక్కటే దీన్ని ఎంచుకోవడానికి చాలిన కారణం.

తీగ కొత్తగా తెచ్చినప్పుడు రెండు కొసలకూ కంటికి సరిగా ఆనని ప్లాస్టిక్ టోపీలు ఉంటాయి. అవి తీయకుండా గట్టిగా నొక్కితే సాకెట్టు విరుగుతుంది. తీగ ఒక కొసను టీవీలో పెట్టి టీవీ ఆన్ చేస్తే రెండో కొసలో ఎర్రని వెలుగు కనిపించాలి. కనిపించకపోతే లోపం టీవీ సెట్టింగులోనో తీగలోనో ఉందని అక్కడికక్కడే తేలిపోతుంది. తలుపు సందులో పెట్టి మడిస్తే లోపలి దారం దెబ్బతింటుంది కాబట్టి గోడ మలుపుల దగ్గర వంపు విశాలంగా ఉండాలి.

దీని బలహీనత టీవీల్లో ఉంది. సొంత యాప్‌లలోని 5.1ని ఆప్టికల్ ద్వారా చక్కగా పంపే టీవీలే, హెచ్‌డీఎంఐ లోంచి వచ్చిన ల్యాప్‌టాప్ శబ్దాన్ని మాత్రం రెండు చానళ్లుగా చేసి పంపిన సందర్భాలు కోకొల్లలు. దానికి విరుగుడుగా హెచ్‌డీఎంఐ ఆడియో ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న డబ్బా దొరుకుతుంది. ల్యాప్‌టాప్ తీగ దానిలోకి వస్తుంది, బొమ్మ టీవీకి వెళ్తుంది, శబ్దం టీవీ దాకా పోకుండానే ఆప్టికల్ సాకెట్టులోంచి బయటికి వస్తుంది. చాలావాటి పక్కన మూడు స్థానాల చిన్న మీట ఉంటుంది: పాస్, 2 చానళ్లు, 5.1. పాస్‌లో ఉంటే టీవీ చెప్పిన మాటే ల్యాప్‌టాప్‌కు చేరుతుంది, అంటే మళ్లీ రెండు చానళ్లే. 5.1కి జరిపితే తానే 5.1 పరికరాన్నని ల్యాప్‌టాప్‌కు చెప్పుకుంటుంది. ఆ మీట అంత చిన్నది కావడం వల్ల డబ్బా పాడైందని తిరిగి ఇచ్చేసేవారు ఎందరో. 4కే టీవీ ఉన్నవారు ఆ డబ్బా 4కేని సెకనుకు 60 సార్లు దాటించగలదో లేదో కూడా చదివి కొనాలి. ఆటలకు మాత్రం ఇది పరిష్కారం కాదు. ఆప్టికల్ తీగ విప్పిన ఆరు చానళ్లను మోయలేదన్నది ఇక్కడా వర్తిస్తుంది.

ఆరు పిన్నుల పాత సెట్టు

రాజమండ్రిలోనో భీమవరంలోనో మెకానిక్ బిగించి ఇచ్చిన అసెంబుల్డ్ యాంప్లిఫయర్, దానికి పెద్ద చెక్క పెట్టెల స్పీకర్లు, వెనక డీవీడీ కోసం ఆరు గుండ్రటి సాకెట్లు: ఇటువంటి సెట్లు ఇంకా ఎన్నో ఇళ్లలో బాగా మోగుతున్నాయి. వాటికి హెచ్‌డీఎంఐ లేదు, ఆప్టికల్ లేదు. అలాగని వాటిని అటకెక్కించనక్కరలేదు. ల్యాప్‌టాప్‌కు 5.1 యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టి, దాని నుంచి మూడు జంట పిన్నుల తీగలు యాంప్లిఫయర్‌కు లాగితే విప్పిన ఆరు చానళ్లూ నేరుగా చేరుతాయి, ఆటలకు కూడా. బొమ్మ వేరే హెచ్‌డీఎంఐ తీగ మీద టీవీకి వెళ్తుంది.

కార్డు మీద ఆకుపచ్చ సాకెట్టు ముందు స్పీకర్లకు, నలుపు వెనక వాటికి, నారింజ మధ్య స్పీకర్‌కూ సబ్‌ఊఫర్‌కూ. నారింజ తీగలోని రెండు పిన్నులు తారుమారైతే హీరో మాటలు సబ్‌ఊఫర్‌లో గొణిగినట్లు వినిపిస్తాయి, బాంబు పేలుళ్లు మధ్య స్పీకర్‌లో చిటపటలాడతాయి. ఆ రెండు పిన్నులనూ మార్చి పెడితే సరిపోతుంది. టీవీ బొమ్మను తయారుచేసుకునే లోగా శబ్దం ముందే వచ్చేస్తే వీఎల్‌సీ అనే సినిమా ప్లేయర్‌లో కే, జే మీటలతో శబ్దాన్ని వెనక్కీ ముందుకీ జరుపుకోవచ్చు. ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు మారుతుంది.

ఇదే సెట్టుకు ఆక్స్ సాకెట్టు ఒక్కటే ఉంటే ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక తీగ లాగడం తప్ప దారి లేదు. అప్పుడు వెనక స్పీకర్లు మోగుతాయి గానీ అవి ముందు శబ్దానికి నకళ్లే. పాత సినిమాలకూ పాటలకూ అది చాలు, ఎందుకంటే వాటిలో ఉన్నదే రెండు చానళ్లు.

తీగ లేకుండా

విండోస్‌లో విండోస్ మీట, కే కలిపి నొక్కితే మిరాకాస్ట్ ఉన్న టీవీ కనిపిస్తుంది, బొమ్మ వైఫైలో వెళ్తుంది. దీనికి ఇంట్లో నెట్ ఉండనవసరం లేదు, టీవీ, ల్యాప్‌టాప్ నేరుగా మాట్లాడుకుంటాయి. పెళ్లి ఫొటోలు చుట్టాలకు చూపించడానికి ఇది హాయి. సినిమాకు మాత్రం నేను దీన్ని సూచించను: బొమ్మ కుదించుకుపోతుంది, శబ్దం మామూలుగా రెండు చానళ్లే, మౌస్ కదలిక ఆలస్యంగా కనిపిస్తుంది. దానికి తోడు టీవీ నుంచి స్పీకర్లకు బ్లూటూత్ పెడితే మాటకూ పెదవికీ మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. బ్లూటూత్ ద్వారా సాధారణ స్పీకర్లకు పోయే సంగీతం రెండు చానళ్లదే. పెట్టె మీద 5.1 అని ఎంత పెద్దగా రాసి ఉన్నా ఆ దారిన వచ్చేది అంతే.

తీగల సంగతి

కొన్ని కొత్త సన్నని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ ఉండదు, యూఎస్‌బీ సీ మాత్రమే ఉంటుంది. ప్రతి యూఎస్‌బీ సీ బొమ్మను పంపదు. సాకెట్టు పక్కన మెరుపు గుర్తో, డీ, పీ అక్షరాలు కలిసిన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో ఉంటే నిశ్చింత. ఏ గుర్తూ లేకపోతే మోడల్ వివరాలు చూడందే అడాప్టర్ కొనవద్దు. చవక అడాప్టర్లలో చాలా భాగం 4కేని సెకనుకు 30 సార్లే పంపుతాయి. వీజీఏ ఒక్కటే ఉన్న పాత ల్యాప్‌టాప్ అయితే అందులో శబ్దం అసలు పోదు, హెడ్‌ఫోన్ తీగ వేరే వేసుకోవలసిందే.

4కేకి ప్రీమియం హై స్పీడ్ అని ధ్రువీకరించిన తీగ చాలు, అంతకు మించిన ఆటల టీవీలకు అల్ట్రా హై స్పీడ్ కావాలి. మూడు మీటర్ల లోపు ఏ మంచి తీగైనా ఒకటే. మండువా ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు పది మీటర్లు లాగాలంటే మామూలు రాగి తీగ 4కేని తట్టుకోవడం కష్టం, ఆప్టికల్ ఫైబర్ హెచ్‌డీఎంఐ తీసుకోవాలి. దానికి ల్యాప్‌టాప్ వైపు కొస, టీవీ వైపు కొస వేరువేరు. తిప్పి పెడితే తెర నల్లగానే ఉంటుంది.

కలిపాక కంప్యూటర్‌లో

విండోస్‌లో సౌండ్ సెట్టింగుల పాత కిటికీ తెరిచి, ప్లేబ్యాక్ జాబితాలో టీవీ లేదా రిసీవర్ పేరును ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కండి. అక్కడ 5.1 సరౌండ్ కనిపిస్తే ఎంచుకుని టెస్ట్ నొక్కితే ఒక్కో స్పీకర్ వరుసగా మోగుతుంది. గదిలో కూర్చుని వెనక ఎడమ అన్నప్పుడు నిజంగా వెనక ఎడమే మోగిందా అని చూసుకోవాలి. స్టీరియో తప్ప మరేదీ కనిపించకపోతే లోపం స్పీకర్లలో లేదు, మధ్యలోని పరికరం తనకు రెండే చాలని చెబుతోంది. సినిమాల కోసం వీఎల్‌సీ ఆడియో ప్రిఫరెన్సుల్లో పాస్‌త్రూ ఆన్ చేసుకోవాలి.

బొమ్మ అంచులు తెగిపోతే టీవీలో పిక్చర్ సైజును జస్ట్ స్కాన్ లేదా ఫిట్ టు స్క్రీన్ చేయండి. అక్షరాల చుట్టూ రంగుల మసక కనిపిస్తే ఆ హెచ్‌డీఎంఐ సాకెట్టు పేరును టీవీలో పీసీ అని మార్చండి, చాలా టీవీల్లో దాంతోనే తేటపడుతుంది. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీల్లో అసలు ఉన్నవే 1366×768 చుక్కలు కాబట్టి అక్కడ ఇంతకంటే ఆశించకూడదు.

ఎవరికి ఏది

టీవీ, శబ్ద పరికరం రెండూ కొత్తగా కొంటున్నవారు ఈఏఆర్‌సీ ఉన్నవి తీసుకుని తీరాలి. సినిమా, ఆట, క్లాసు మూడింటికీ ఒకే ఏర్పాటు సరిపోతుంది, ఇంట్లో ఎవరైనా నడపగలరు. మంచి రిసీవర్ ఇప్పటికే ఉన్నవారు దాన్నే మధ్యలో పెట్టుకోవాలి. టీవీకి ఏఆర్‌సీ ఉండి, ముఖ్యంగా సినిమాలే చూసేవారు దానితో మొదలుపెట్టి, ల్యాప్‌టాప్ శబ్దం రెండు చానళ్లకు పడిపోతే తప్ప ఎక్స్‌ట్రాక్టర్ జోలికి పోవద్దు.

పిల్లల క్లాసుల కోసమే అయితే ఇదంతా అనవసరం. ఒక హెచ్‌డీఎంఐ తీగ, టీవీ సొంత స్పీకర్లు చాలు. పెళ్లి వీడియోలూ అంతే, వాటిలో చాలావరకు శబ్దం రెండు చానళ్లదే కాబట్టి ఆరు స్పీకర్ల కోసం ఆరాటపడి లాభం లేదు.

పాత అసెంబుల్డ్ సెట్టు ఉన్నవారిలో తీగలతో కుస్తీ పట్టే ఓపిక ఉన్నవారికి యూఎస్‌బీ సౌండ్ కార్డు లాంటి లాభసాటి బేరం ఇంకోటి లేదు. ఆ ఓపిక లేనివారు దాన్ని ఆక్స్ మీదే వాడుకుని, ఏఆర్‌సీ ఉన్న చిన్న సౌండ్‌బార్‌ను రోజువారీకి పెట్టుకోవడం మంచిది.

ఏది ఎంచుకున్నా వెనక స్పీకర్లను తెర పక్కనే పేర్చి ఉంచితే డబ్బు దండగ. కూర్చునే చోటుకు రెండు పక్కలా, కొంచెం వెనక్కి, చెవి ఎత్తుకు కాస్త పైన ఉండాలి. నున్నటి నేల, ఎత్తైన పైకప్పు ఉన్న హాలులో శబ్దం ప్రతిధ్వనిస్తుంది. ముందు ఒక చాపో తివాచీయో పరిచి, కిటికీలకు మందపాటి తెరలు వేస్తే మాట తేటపడుతుంది.

కరెంటు, ఎర్తు, సముద్రపు గాలి

స్పీకర్లలో గుయ్‌మంటూ రొద వస్తుంటే ఒక పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీద నడపాలి. రొద ఆగితే తప్పు ఎర్తింగ్‌లో ఉంది. ఆగకపోతే టీవీకి వచ్చే కేబుల్ టీవీ తీగను పీకి చూడాలి. డెల్టా భూమిలో తడికి కొదవ లేదు, ఎర్త్ గుంట తీస్తే బాగానే పనిచేస్తుంది; కానీ పాత ఇళ్లలో గుంట నుంచి స్విచ్‌బోర్డు దాకా ఎర్త్ తీగ లాగి ఉండదు. లోహపు ఒళ్లున్న ల్యాప్‌టాప్ మీద చేయి ఆనిస్తే సన్నగా జివ్వుమంటోందంటే అదే సూచన. ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ తీగను పరికరాలు నడుస్తుండగా పెట్టి తీయడం వల్ల సాకెట్లు కాలిపోవచ్చు. తీగలన్నీ కలిపాకే చార్జరు పెట్టండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రొద ఆపే పని ఎవరు చెప్పినా చేయవద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి తీగ లాగించుకోండి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద సెట్టు నడిపేవారికి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే యాంప్లిఫయర్‌లో రొద తప్పదు, సైన్ వేవ్ అయితే ఆ బాధ ఉండదు. అంతర్వేది, ఓడలరేవు వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలికి గుండ్రటి పిన్నులు తొందరగా మసకబారి శబ్దం తెగి తెగి వస్తుంది. పిన్నును సాకెట్టులో అటూ ఇటూ తిప్పి గట్టిగా పెడితే కొన్నాళ్లు నడుస్తుంది, ఆ తర్వాత తీగ మార్చుకోవలసిందే. ఉరుముల రోజుల్లో ప్లగ్గు పీకడంతో పాటు కేబుల్ టీవీ తీగనూ తీసేయాలి, పిడుగు ఆ తీగ మీదుగా వచ్చి టీవీనీ దానికి కలిసి ఉన్న ల్యాప్‌టాప్‌నూ కలిపి దెబ్బతీయగలదు.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన రిసీవర్ల గురించి కూడా చెప్పాలి. ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100–240 వోల్టులని రాసి ఉంటుంది, వాటికి భయం లేదు. అక్కడ కొన్న ఏవీ రిసీవర్లు చాలావరకు 120 వోల్టులవి. ప్లగ్గు మార్చి మన 230 వోల్టుల సాకెట్టులో పెడితే ఆ క్షణమే పోతాయి. వెనక ఉన్న చీటీ చదివి, 120 అని ఒక్క అంకే ఉంటే దాని వాటేజీకి మించిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. ఆ బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు, అది చేసే సన్నని రొద, ఇక్కడ వారంటీ వర్తించకపోవడం మూడూ కలిపి చూసుకుంటే, ఆ డబ్బుతో రాజమండ్రిలోనే ఈఏఆర్‌సీ ఉన్న సౌండ్‌బార్ కొనుక్కోమని నా సలహా.